ఏడు బస్తాల ఉప్పు

ఆ ఎండాకాలం మా ఇంటి పూల్‌లో ఏడు బస్తాల ఉప్పు పోయించింది నేనే. అందుకే ఆ తర్వాత జరిగినదాంట్లో నాకూ ఎంతో కొంత వాటా ఉందంటాను. మా అత్తయ్య ఒప్పుకోదు. "నువ్వు పిల్ల ఒంటి కోసం చేశావు, నేను నా కోసం చేశాను. రెండూ ఒకటెలా అవుతాయి?" అంటుంది.

పిల్ల అంటే మా అమ్మాయి, బుడంకాయ. అప్పటికి దానికి ఆరేళ్ళు. పూల్ మేం కట్టించుకున్నది కాదు, ఇల్లు కొన్నప్పుడు ఇంటితోపాటు వచ్చింది. మా ఆయన ఏనాడూ అందులో కాలు పెట్టలేదు, ఆయనకి నీళ్ళంటే చిన్నప్పట్నుంచీ గిట్టదు. నాకు ఈత వచ్చుగానీ ఓపిక లేదు. పొద్దున్నే ఆరింటికి పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబుకి వెళ్ళి, పన్నెండింటికి ఇల్లు చేరేసరికి నా పని అయిపోయేది. కాబట్టి దిగేది బుడంకాయ ఒక్కతే. చేతులకి గాలి పట్టీలు వేసుకుని, కప్పపిల్లలా కాళ్ళు కొడుతూ, పిలిస్తే పలక్కుండా గంటలకొద్దీ నీళ్ళలోనే ఉండేది.

క్లోరిన్ దానికి పడలేదు. మోచేతుల మడతల్లో, మెడ చుట్టూ ఎర్రగా పొక్కింది. తలలో కూడా దద్దుర్లు లేస్తే జుట్టు మగపిల్లాడిలా కత్తిరించేశాం. డాక్టరు పూల్ మాన్పించమన్నాడు. అది మాన్పిస్తే అన్నం మానేస్తానంది మా మహాతల్లి. అప్పుడు ల్యాబులో ఒకావిడ చెప్పింది, ఉప్పునీటి పద్ధతికి మార్చుకోమని.

పూల్ మేస్త్రి యాభై దాటిన మనిషి. సగం నోటితో, సగం చేతిలో పానాతో మాట్లాడేవాడు. ఫిల్టరు దాటాక గొట్టాన్ని జానెడు మేర కోసి, ఆ ఖాళీలో రేకులున్న గాజు డబ్బా లాంటిది బిగించాడు. దాన్ని సెల్ అంటారట. మోటారు గది గోడకి ఒక పెట్టె తగిలించాడు. దానికి ఒక పచ్చ దీపం, ఒక ఎర్ర దీపం, నీళ్ళలో ఉప్పెంతో చూపించే అంకెలు.

"ఉప్పునీళ్ళు ఈ రేకుల మధ్యనుంచి పోతుంటే కరెంటు ఆ ఉప్పులోంచే క్లోరిన్ తీస్తుంది మేడం. కొంచెం కొంచెంగా, ఎప్పటికప్పుడు. పనైపోయాక మళ్ళీ ఉప్పే అవుతుంది. నీళ్ళు ఆవిరైపోతాయిగానీ ఉప్పు ఎక్కడికీ పోదు. ఒకసారి పోస్తే మళ్ళీ వానల దాకా చూసుకోనక్కర్లేదు" అన్నాడు.

అత్తయ్య మెడలో కొలతల టేపుతో కుట్టు గదిలోంచి బయటికొచ్చింది. మామూలుగా ఇంటి మరమ్మతుల్లో తలదూర్చే మనిషి కాదు.

"ఎంత ఉప్పు పడుతుంది నాయనా?"

"నలభై వేల లీటర్లు కదా పెద్దమ్మగారూ, ఇరవై కిలోల బస్తాలు ఏడు."

"అంటే సముద్రం అంత ఉప్పగా ఉంటాయా నీళ్ళు?"

"అబ్బే, అందులో పదో వంతు. కన్నీళ్ళకున్నంత ఉప్పు కూడా ఉండదు. నోట్లో పోసుకుంటే ఉందా లేదా అన్నట్టుంటుంది."

"అయితే చాలదు" అంది అత్తయ్య.

"ఎవరికండీ చాలనిది?" అని మేస్త్రి పెద్దగా నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. లోపలికి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మా మామయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన సరుకుల ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. మా ఆయనకి నాలుగేళ్ళప్పుడు, ఒక ప్రయాణంలో, తెల్లారి హాజరు తీసుకుంటే మనిషి లేడు. ఓడంతా వెతికారు. చెప్పులు మాత్రం ఒక మూల ఉన్నాయట. కంపెనీవాళ్ళు రాసిన ఉత్తరంలో ఒకే ఒక్క మాట, కనబడుటలేదు అని. అప్పుడాయనకి ఇరవై తొమ్మిదేళ్ళు. అత్తయ్య ఆ ఉత్తరాన్ని మడిచి మిషను సొరుగులో పెట్టి, ఊరివాళ్ళ బట్టలు కుట్టి కొడుకుని పెంచింది. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆవిడ నోట 'పోయాడు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. 'వస్తాడు' అన్న మాట కూడా వినలేదు. ఆయన గురించి మాటొస్తే సూదిలో దారం ఎక్కించుకునేది.

మొదటి రెండు వారాలూ హాయిగా గడిచాయి. ఇంట్లో ఆ ఘాటు వాసన పోయింది. బుడంకాయ ఒంటి మీద ఎరుపు తగ్గి, కొత్త చర్మం లేతగా మెరిసింది. ఒక్కటే చిక్కు. మా పూల్ చుట్టూ గట్టు నల్లరాతి పలకలు. దాని మీద తడి కాలు పెడితే, నీరు ఆరాక ఉప్పు తెల్లగా మిగిలేది. మేస్త్రి ముందే చెప్పాడు, రోజూ పైపుతో కడుక్కోండమ్మా, లేకపోతే రాయి పాడవుతుందని. నాకు మాత్రం ఆ గుర్తులు ముచ్చటగానే ఉండేవి. ల్యాబునుంచి వచ్చేసరికి గట్టంతా చిన్న చిన్న తెల్లటి పాదాలు, ముగ్గు చల్లినట్టు.

ఒకరోజు వాటి మధ్య పెద్దవి కనిపించాయి.

మూడే అడుగులు. పూల్‌కి లోతు ఎక్కువున్న వైపు, నిచ్చెన లేని చోట, నీళ్ళ అంచునుంచి బయటికి. మడమ, పాదం వంపు, అయిదు వేళ్ళూ విడివిడిగా. రాత్రి మా ఆయన్ని అడిగాను, ఎప్పుడు దిగారేంటి అని.

"నేనా? ఆ నీళ్ళలోనా? నీకేమైనా పిచ్చా?" అన్నాడు.

మేస్త్రి కాలై ఉంటుందనుకుని పైపుతో కడిగేశాను. మేస్త్రి వచ్చి పది రోజులైందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

మూడో వారం పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. మూడు వేల రెండొందలుండాల్సిన అంకె నాలుగు వేల ఏడొందలు చూపిస్తోంది. ఉప్పు ఎక్కువైందని యంత్రం దానంతటదే ఆగిపోయింది. మేస్త్రి వచ్చి తన దగ్గరున్న మీటరుతో కూడా చూసి తల గోక్కున్నాడు.

"దీని తప్పేం లేదు మేడం. ఎవరో మూడు బస్తాలు పోశారు. సరిగ్గా మూడు."

"ఇంకా నయం, కూరలో వేసుకున్నారనలేదు. వానల తర్వాతకని అదనంగా తెప్పించిన మూడు బస్తాలూ ఆ మూల అలాగే ఉన్నాయి చూడండి" అన్నాను.

ఆయన చూశాడు. కుట్టు విప్పని బస్తాలు మూడు, ఒకదాని మీద ఒకటి. కొన్ని నీళ్ళు తీసేసి కొత్తవి నింపుతానంటే, ఆదివారం చూద్దాంలెమ్మని పంపించేశాను.

ఆయన వెళ్ళాక ఎందుకో పై బస్తా మీద చెయ్యి వేశాను. పట్టుకుంటే ఉప్పులా జారలేదు. దారం వంక చూశాను. ఫ్యాక్టరీలో వేసిన కుట్టు ఒక కొస లాగితే సర్రున ఊడొస్తుంది. ఇది ఊడలేదు. ప్రతి కుట్టూ వెనక్కి వెళ్ళి ముందుకొచ్చిన కుట్టు, అక్షరాల్లాగా ఒకే కొలతలో. పన్నెండేళ్ళుగా నా జాకెట్లన్నీ ఆ చేత్తో కుట్టినవే. బస్తా మూల కొంచెం కోసి చూస్తే తోటలోని ఇసుక.

మర్నాడు ల్యాబులో తలనొప్పని చెప్పి గంట ముందే వచ్చేశాను. మిట్టమధ్యాహ్నం, వీధిలో పురుగైనా లేదు. బుడంకాయ పక్కింట్లో ఆడుకుంటోంది. అత్తయ్య గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, గుడ్డ సంచీలోంచి ఉప్పు పొట్లాలు ఒక్కొక్కటే విప్పి పోస్తోంది. కంగారేమీ లేదు. మొక్కలకి నీళ్ళు పోసే మనిషిలా ఉంది.

"అత్తయ్యా" అన్నాను.

"వచ్చావా. కూర్చో. రాయి కాలుతుంది, ఆ తువ్వాలు వేసుకో."

కూర్చున్నాను.

"నీళ్ళు చప్పగా ఉంటే ఏ చెరువో అనుకుంటాడు. చెరువుల్లోకి ఆయన రాడు. కాస్త ఉప్పదనం తగిల్తే దారి తెలుస్తుంది. మొదటిరోజునుంచే వాసన పట్టాడు, కానీ నాలుగడుగులేసేసరికి ఓపిక అయిపోతోంది. ఇంకొంచెం పోస్తే గుమ్మం దాకా వస్తాడు" అంది.

"ఎవరు అత్తయ్యా?"

నన్ను జాలిగా చూసింది. "మీ మామయ్యే. ఇంకెవరు?"

తలెత్తి లోతు వైపు చూశాను. గట్టు మీద అయిదు అడుగులున్నాయి. నిన్న కడిగిన రాయి. మొదటి రెండూ తెల్లగా ఆరిపోయాయి. చివరి మూడూ ఇంకా తడిగా ఉన్నాయి.

నేను మా ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత ఆయన చాలాసార్లు అడిగాడు. చెబితే తల్లిని డాక్టరుకి చూపిస్తాడు, చూపించాల్సిందే కూడా. కానీ మతి తప్పింది అత్తయ్యకైతే అడుగులు నాకెందుకు కనిపిస్తున్నాయి? అచ్చులు చూసి మనిషి నోరెలా ఉంటుందో చెప్పడం నా వృత్తి. ల్యాబులోని కొలత పరికరం తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని కొలిచాను. ఇరవై ఏడున్నర సెంటీమీటర్లు. మా ఆయన చెప్పులు కొలిస్తే ఇరవై అయిదు దాటలేదు.

ఇంకో వింత. యంత్రం ఆగి అయిదు రోజులైంది, క్లోరిన్ చుక్క లేదు, పైన నిప్పులు చెరిగే ఎండ. ఈపాటికి నీళ్ళు పచ్చబడి పాకుడు పట్టాలి. అడుగున పడ్డ సూది కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి.

ఆదివారం మా ఆయనకి అంతా తెలిసిపోయింది. నీళ్ళ సంగతి ఏం చేశారని మేస్త్రి ఫోన్ చేశాడు. చెత్తబుట్టలో ఖాళీ ఉప్పు పొట్లాలు దొరికాయి. ఇసుక బస్తా దొరికింది. అత్తయ్య దాచకుండా చెప్పేసింది.

"అమ్మా, నీకేమైనా అర్థమవుతోందా నువ్వేం మాట్లాడుతున్నావో?"

"నెలాఖరు దాకా ఆగరా. నిన్నేమైనా అడిగానా ఇన్నేళ్ళలో?"

"ఇవ్వాళే నీళ్ళన్నీ తోడేస్తాను. రేపు నువ్వు నాతో ఆస్పత్రికొస్తున్నావు."

మోటారు గది తాళంచెవి తీసుకుని విసురుగా బయటికెళ్ళాడు. నేను వెనకే పరిగెత్తాను. బుడంకాయ లోపల నిద్రపోతోంది, పూల్‌లో ఎవరూ లేరు. గట్టు సగం దాటి మా ఆయన ఆగిపోయాడు.

అడుగులు లోతు వైపునుంచి కుట్టు గది గుమ్మం దాకా ఉన్నాయి. పదకొండు. అన్నీ తడివే. ఆ ఎండలో అవి మా కళ్ళముందే అంచులనుంచి ఆరుతూ తెల్లబడుతున్నాయి.

మా ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత ఎడమకాలి చెప్పు విడిచి, ఒక గుర్తులో తన పాదం పెట్టాడు. వేళ్ళ ముందు ఇంకా చోటు మిగిలింది.

గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు తిరిగి, "నాన్న బాగా పొడుగా అమ్మా?" అని అడిగాడు.

"నీకంటే బెత్తెడు" అంది అత్తయ్య.

ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయాడు. ఆస్పత్రి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాతి వారం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. మేం ముగ్గురం సంతోషంగా ఉన్నాం. మా ఆయన ఆఫీసునుంచి మధ్యాహ్నం భోజనానికని వచ్చి గట్టు మీద కుర్చీ వేసుకునేవాడు. ఎవరూ కనిపించేవారు కాదు, ఆ తడి అడుగులే. ఆయనకి అదే చాలు. ఒకరోజు ఉప్పు పొట్లాలు ఆయనే తెచ్చాడు. అత్తయ్య కుట్టు గది తలుపు వేసుకుని లోపల మాట్లాడుతుండేది. ఒక మాట అని ఆగేది. మళ్ళీ అనేది. ఒకసారి నవ్వింది కూడా, పడుచుపిల్ల నవ్వినట్టు. ఏమన్నారని మా ఆయన అడిగితే, "ఏముంది, పాత ఇంటికి వెళ్ళాడట. ఎవరో ఉన్నారట. మనం మారామని ఎవరు చెబుతారు పాపం" అంది.

బుడంకాయ పొద్దునా సాయంత్రం ఈత కొడుతూనే ఉంది. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. ఆ నీళ్ళలో దాన్నెందుకు దించానని మీరు అడగొచ్చు. ఆయన మా మామయ్య కదా, పరాయివాడా అనుకున్నాను.

శనివారం సాయంత్రం దాని తల తుడుస్తున్నాను.

"అమ్మా, నేను అమ్మాయినని ఎన్నిసార్లు చెప్పినా ఆ అంకుల్ వినడు."

"ఏ అంకుల్?"

"పూల్ అంకుల్. నన్ను చిట్టిదొరా అంటాడు. లోతు వైపుకి రా, నేనున్నాగా అంటాడు. గాలి పట్టీలు ఎందుకురా నీకు, తీసెయ్ అంటాడు."

తువ్వాలు పక్కన పడేసి దాని మొహం నా వైపు తిప్పుకున్నాను.

"తీశావా?"

"ఒకటే తీశాను" అంది బుడంకాయ.

దాన్ని చంకనెత్తుకుని, తడి కాళ్ళతోనే అత్తయ్య గదిలోకి వెళ్ళాను. ఎవరిదో పరికిణీ అంచు కుడుతోంది. నేను చెబుతుంటే మిషను మీద కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి. 'చిట్టిదొర' అనగానే ఆగాయి.

"ఏమన్నాడంటా?"

"చిట్టిదొర అని పిలిచాడట."

అత్తయ్య బుడంకాయ కత్తిరించిన జుట్టునీ, నిక్కరునీ, బక్కపల్చటి భుజాల్నీ ఒకసారి పైనుంచి కిందకి చూసింది. దారం తెంపి, పరికిణీని సగంలోనే మడిచి పక్కన పెట్టింది.

"తాళంచెవి ఇలా ఇవ్వు" అంది.

నీళ్ళు బయట కాలవలోకి పంపే మీట ఏదో మేస్త్రి మొదటిరోజే అందరికీ చూపించాడు. ఆవిడే తిప్పింది. మోటారు ఒక్కసారి దగ్గి అందుకుంది. నేను పిల్లని లోపల పెట్టి కిటికీలోంచి చూస్తున్నాను. అత్తయ్య లోతు వైపు అంచున నిలబడి నీళ్ళతో మాట్లాడుతోంది. మొదట చాలాసేపు సముదాయించింది. తర్వాత గొంతు పెంచింది. "అది వాడు కాదు. చెబుతుంటే నీకు కాదూ? వాడు కాదది!" కాసేపాగి మళ్ళీ, చాలా నెమ్మదిగా, "ఇంక వెళ్ళు" అంది. నీళ్ళు మెట్టు మెట్టు దిగుతున్నాయి. ఎండ వాలేదాకా ఆవిడ అక్కడినుంచి కదల్లేదు.

మా ఆయన వచ్చేసరికి పూల్ దాదాపు ఖాళీ అయిపోయింది. ఆయనకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"నన్నడక్కుండా ఎలా తీసేశావమ్మా? నేనింకా ఆయనతో ఒక్క మాటైనా మాట్లాడలేదు! నన్నింకా చూడనైనా లేదు!"

"చూశాడురా" అంది అత్తయ్య.

"ఎప్పుడు?" అన్నాడు ఆయన.

"మొన్న ఆదివారమే చూశాడు. గట్టు మీద నిలబడ్డ ఆ పెద్దాయనెవరు, నీకేమవుతాడని అడిగాడు. నీ కొడుకే అన్నాను. నవ్వాడు. నా కొడుక్కి నాలుగేళ్ళు, వీడికి తల నెరుస్తోంది, నన్ను వెర్రివాణ్ణి చెయ్యకు అన్నాడు. రోజూ చెప్పాను. రోజూ నవ్వాడు. నా కొడుకు నాకు తెలీదా, రోజూ నీళ్ళలో చూస్తూనే ఉన్నాగా అన్నాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. ఇవ్వాళ అర్థమైంది."

మా ఆయన బుడంకాయ వంక చూశాడు. అది నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వేలు చీకుతోంది.

"ముప్పై ఎనిమిదేళ్ళయింది" అంది అత్తయ్య. "మీ నాన్న పోయాడురా."

వానలు మొదలవకముందే ఆ గోతిని మట్టితో నింపించాం. మేస్త్రి యంత్రం విప్పి పట్టుకుపోతూ, ఇంత మంచి సెల్లు నా చేతుల మీదుగా పోలేదమ్మా అని బాధపడ్డాడు. బుడంకాయ ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. బడి పూల్‌లో ఈదుతుంది. అక్కడ క్లోరిన్‌కి ఒళ్ళు మళ్ళీ ఎర్రబడుతుంది, మందు రాస్తాను. ఆ ఎండాకాలం సంగతేమీ తనకి గుర్తు లేదంటుంది.

ఆ సాయంత్రం మాత్రం, తల్లి ఆ మాట అన్నాక, మా ఆయన చెప్పులు విడిచి పూల్ మెట్లు దిగాడు. ఇల్లు కొన్నాక ఆయన అందులోకి దిగడం అదే మొదటిసారి. తడి నేల మీద కొంతదూరం నడిచి, ఏటవాలు మొదలయ్యే చోట మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మెట్టు మెట్టుకీ గోడ పట్టుకుంటూ దిగి, వెళ్ళి పక్కన కూర్చుని, కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది.

నేను కూడా వెళ్దామని బుడంకాయ చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చాను. అత్తయ్య తలెత్తి చూసి, ఆగమన్నట్టు చెయ్యి చూపించింది.

"దాన్ని లోపలికి తీసుకెళ్ళిపో అమ్మాయ్" అంది. "లోతు వైపు ఇంకా నీళ్ళున్నాయి."